కొంతీన్వొ, కొంతినూఒ, కొంతిన్వో: స్పానిష్ క్రియల్లో ఊనిక గోల

చింతచిగురు
ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. హైదరాబాదులో స్పానిష్ నేర్చుకుంటున్నాను, ఇది ఎనిమిదో నెల. నవంబరులో డెలె బి1 (స్పానిష్ భాషా పరీక్ష) రాయాలని ఆశ. ఇవాళ క్లాసులో డిక్టేషన్ పెట్టారు. మేడమ్ మూడు మాటలు చెప్పారు, నా చెవికి మూడూ "కొంతినువో" అనే వినిపించాయి. మూడింటినీ ఒకేలా రాసిచ్చాను. తీరా చూస్తే మూడూ వేర్వేరట! ఒకటి "ఎడతెగని" అనే విశేషణం, రెండోది "నేను కొనసాగిస్తాను", మూడోది "అతను కొనసాగించాడు". స్పెల్లింగు మూడింటికీ ఒకటే. మొదటిదానికి గీత లేదు, రెండోదానికి ఉ మీద గీత, మూడోదానికి చివరి ఒ మీద గీత. అంతే తేడా.

ఒత్తు ఎక్కడ పడుతుందో చెవికి ఎలా తెలియాలి? అసలు మాటను ముక్కలుగా ఎలా విడగొట్టాలి? గీత ఎప్పుడు పెట్టాలి? యూట్యూబు చూసి చూసి బుర్ర వేడెక్కింది. అన్నలూ అక్కలూ, తెలుగులో చెప్పి పుణ్యం కట్టుకోండి.


డల్లాస్_దొరబాబు
ఆదివారం, రాత్రి 10.15

ఒత్తు అంటే ఏ ఒత్తమ్మా, క ఒత్తా, త ఒత్తా? 😄 సరదాకే. పలికేటప్పుడు మాటలో ఒక ముక్క మీద పడే బరువును శీర్షికలో "ఊనిక" అన్నారు కదా, అదే వాడుకుందాం, లేకపోతే ఈ చర్చ వత్తుల మీదికి పోతుంది.

సూత్రం నాకు తెలిసినంత: మాట అచ్చుతోనో, ఎన్‌తోనో, ఎస్‌తోనో ముగిస్తే చివరి నుంచి రెండో ముక్క మీద ఊనిక. వేరే ఏ హల్లుతో ముగిసినా చివరి ముక్క మీద. ఈ పద్ధతి తప్పిన మాటకే గీత. అంటే గీత అలంకారం కాదు, "ఇక్కడ మామూలు సూత్రం చెల్లదు, జాగ్రత్త" అనే బోర్డు.


వలెన్సియా_వేపచెట్టు
సోమవారం, తెల్లవారుజాము 2.05

దొరబాబు చెప్పింది కరెక్టే. ఎన్, ఎస్ లకు ఆ మినహాయింపు ఎందుకో కూడా చూస్తే సూత్రం ఇక మరిచిపోరు. క్రియలో "అతను మాట్లాడతాడు" అంటే ఆబ్ల, "నువ్వు" అంటే ఆబ్లస్, "వాళ్లు" అంటే ఆబ్లన్. చివర ఎస్సో ఎన్నో చేరినా ఊనిక కదలదు. నామవాచకాల బహువచనమూ ఎస్సే. ఆ రెండు హల్లుల్నీ మిగతావాటితో కలిపేసి ఉంటే పుస్తకంలో సగం మాటల మీద గీతలు పెట్టాల్సివచ్చేది.

ఇక చెవి సంగతి. మనకు ఒక వరం ఉంది, ఒక శాపం ఉంది. వరం: తెలుగులో ఎ ఏ, ఒ ఓ విడివిడిగా ఉన్నాయి. కాబట్టి ఊనిక పడ్డ ముక్కను దీర్ఘంతో, మిగతావన్నీ హ్రస్వంతో రాసుకోవచ్చు. తొమ్మిదేళ్ల క్రితం ఇక్కడికి వచ్చిన కొత్తలో నా నోటుబుక్కంతా ఇలాగే ఉండేది:

ఆ-బ్లొ = నేను మాట్లాడతాను
అ-బ్లో = అతను మాట్లాడాడు (గీత)
ఆ-బ్లె = మాట్లాడమను, మాట్లాడండి
అ-బ్లే = నేను మాట్లాడాను (గీత)

ఒక్క గీతతో మనిషీ మారిపోయాడు, కాలమూ మారిపోయింది.

శాపం ఏమిటంటే, పరాయి మాట ఏది దొరికినా చివరి అచ్చును సాగదీసి రాయడం మనకు అలవాటు. కాసా, ప్లాజా, పిజ్జా. ఆ అలవాటుతో "ఆబ్లో" అని రాశారో, ముందూ దీర్ఘమే, వెనకా దీర్ఘమే, తేడా గల్లంతు. చింతచిగురు గారి "కొంతినువో" కూడా అలా పుట్టిందే అనుకుంటున్నా. చివరి అచ్చును కత్తిరించడం నేర్చుకోండి, సగం రోగం నయమవుతుంది.


గురులఘువు
సోమవారం, ఉదయం 7.30

నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మనవరాలు మాడ్రిడ్‌లో పుట్టింది, దానితో మాట్లాడాలని అరవై అయిదో ఏట మొదలుపెట్టాను. మీరంతా పిల్లలు, నా పద్ధతి చాదస్తంగా తోస్తే వదిలేయండి.

చింతచిగురు తల్లీ, నీ మూడు మాటల చిక్కు నువ్వు చిన్నప్పుడు చదువుకున్నదే. యణాదేశ సంధి గుర్తుందా? ఇ, ఉ, ఋ లకు వేరే అచ్చు తగిలితే య, వ, ర లు వస్తాయి. అతి + అంత = అత్యంత. సు + ఆగతం = స్వాగతం. రెండు అచ్చులు కలిసి ఒకే అక్షరమైపోతాయి. స్పానిష్‌లోనూ ఇ, ఉ లు బలహీనమైన అచ్చులు. అ, ఎ, ఒ లు బలమైనవి. బలహీనం, బలం పక్కపక్కన పడితే యణాదేశమే, ముక్క ఒక్కటే. కానీ ఊనిక సరిగ్గా ఆ బలహీనమైన అచ్చు మీదే పడిందనుకో, అది మొండికేస్తుంది, సంధి జరగదు. అప్పుడు రెండు ముక్కలు.

కొన్-తీ-న్వొ : ఊనిక తీ మీద. ఉ + ఒ కలిసి న్వొ. 3 ముక్కలు. విశేషణం.
కొన్-తి-నూ-ఒ : ఊనిక ఉ మీద. సంధి లేదు. 4 ముక్కలు. నేను కొనసాగిస్తాను.
కొన్-తి-న్వో : ఊనిక ఒ మీద. సంధి జరిగింది. 3 ముక్కలు. అతను కొనసాగించాడు.

వకార వత్తు కనిపిస్తే ఒక ముక్క, విడి అచ్చు కనిపిస్తే రెండు. మన లిపిలో రాసుకుంటే స్పానిష్ లిపిలో కనిపించనిది కంటికి కనిపిస్తుంది. ఇది గమనించిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.


చింతచిగురు
సోమవారం, ఉదయం 8.10

మాస్టారూ!! టెన్త్‌లో యణాదేశానికి రెండు మార్కులు వచ్చేవి, ఇన్నాళ్లకు దాని ఉపయోగం తెలిసింది 🙏 అయితే "ఆసియ" అనే మాటలో కూడా ఇదేనా? "వైపు" అనే అర్థానికీ "చేసేవాడు" అనే అర్థానికీ ఒకటే స్పెల్లింగు, ఒక్క గీత తేడా.


గురులఘువు
సోమవారం, ఉదయం 8.25

అదే. ఆ-స్య అంటే వైపు. అ-సీ-అ అంటే చేసేవాడు. స్పెయిన్‌లో ఆ "స" నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు, అది వేరే సంగతి. ఇకారం మొండికేసిన ప్రతిచోటా, మామూలు సూత్రం ప్రకారం అక్కర్లేకపోయినా సరే, గీత పెట్టి తీరాలి. కొమీఅ, బిబీఅ, తెనీఅ... ఆ భూతకాల రూపాలన్నిటికీ గీత అందుకే.

ముక్కలు విడగొట్టడం గురించి ఎవరూ చెప్పలేదు కదా, అది కూడా చెప్పేస్తాను. తెలుగులో "పద్మ" అని రాస్తే ప, ద్మ అని రెండక్షరాలు. మరి ప హ్రస్వమే కదా, గణవిభజనలో గురువు ఎందుకైంది? నోటికి అది పద్-మ కాబట్టి. రాతలో దకారం వెనక అక్షరంతో కూర్చుంటుంది, పలుకులో ముందు అక్షరాన్ని పట్టుకుంటుంది. స్పానిష్‌కు రాసే చెయ్యి పనికిరాదు, ఛందస్సు చెవి కావాలి. "బయల్దేరతాను" అనే అర్థమున్న సాల్గొ మాటను సాల్-గొ అని విడగొట్టాలి, సా-ల్గొ అని కాదు. కాన్-తొ, ద్వేర్-మొ, బూస్-కొ, అన్నీ అంతే.

అయితే ర, ల లు వెనక చేరిన కొన్ని జంటలు విడిపోవు. ప్ర, బ్ర, త్ర, ద్ర, క్ర, గ్ర, ఫ్ర, ప్ల, బ్ల, క్ల, గ్ల, ఫ్ల. అందుకే ఆ-బ్లొ, ఆబ్-లొ కాదు. మన పద్యాల్లోనూ కొన్ని తెలుగు మాటల్లో రేఫ వత్తుకు ముందున్న అక్షరాన్ని తేల్చి పలికి లఘువుగా వదిలేస్తాం కదా, అదే గాలి అక్కడా వీస్తోంది.


ఇఫ్లూ_పాతకాపు
సోమవారం, మధ్యాహ్నం 1.50

మాస్టారి యణాదేశం అద్భుతం, నేను చదువుకునే రోజుల్లో ఎవరూ ఇలా చెప్పలేదు. కానీ దీర్ఘం పద్ధతి మీద ఒక మాట. అది ఊతకర్రే, కాలు కాదు. స్పానిష్‌లో అచ్చు పొడవు బట్టి అర్థం మారదు. ఊనిక పడ్డ ముక్క కాస్త పొడుగవుతుంది, కాస్త బిగ్గరగా, స్వరం కాస్త పైకి వెళ్తుంది, ఈ మూడూ కలిసి వస్తాయి. మన "పాలు - పలు" తేడా అంత సాగదీస్తే వినేవాళ్లు నవ్వుతారు. రాసుకోవడానికి దీర్ఘం, పలకడానికి దాంట్లో సగం.

ఇంకొకటి, ఇ, ఉ రెండూ బలహీనమైనవే కలిస్తే? ఊనిక వాటిలో దేనిమీద పడ్డా రాతలో ఒక్క ముక్కే. ఇక్కడే పరీక్షల్లో చాలామంది బోల్తాపడతారు. మూగ అక్షరం హెచ్ మధ్యలో వచ్చినా అది గోడ కాదు, లేనట్టే. "నిషేధిస్తాను" అనే ప్రొ-ఈ-బొ లో ఒ, ఇ ల మధ్య హెచ్ ఉంది, అయినా ఇ మీద గీత పెట్టాల్సిందే.


చింతచిగురు
సోమవారం, సాయంత్రం 6.45

"మార్చు", "పంపు" అనే క్రియలు రెండూ ఒకేలా ముగుస్తాయి కదా, మరి "మారుస్తాను" అంటే కామ్-బ్యొ, "పంపుతాను" అంటే ఎమ్-బీ-ఒ ఎందుకు? ఒకటి సంధి చేస్తుంది, ఒకటి చేయదు. సూత్రం ఉందా?


వలెన్సియా_వేపచెట్టు
సోమవారం, రాత్రి 11.20

లేదు. బట్టీ పట్టడమే. కామ్బ్యొ, ఎస్తూద్యొ, లీమ్ప్యొ ఒక జట్టు. ఎమ్బీఒ, బసీఒ, గీఒ, కొన్ఫీఒ ఇంకో జట్టు. కొత్త క్రియ నేర్చుకున్నప్పుడల్లా "నేను" రూపం కూడా పక్కన రాసుకోండి.

ఉ తో వచ్చే జట్టు కాస్త నయం. ఆ ఉ కి ముందు క గాని గ గాని ఉంటే సంధి జరుగుతుంది, లేకపోతే జరగదు. అందుకే "ఆరా తీస్తాను" అంటే అ-బె-రీ-గ్వొ, "నటిస్తాను, వ్యవహరిస్తాను" అంటే అక్-తూ-ఒ. కకారం జట్టులో "ఖాళీ చేయించు" లాంటి కొన్ని క్రియలకు ఇప్పుడు రెండు రకాలూ చెల్లుతాయి.

భూతకాలంలో మాత్రం ఈ తగాదా లేదు. కమ్-బ్యో, ఎమ్-బ్యో, ఊనిక చివరికి పోయింది కాబట్టి అందరూ బుద్ధిగా సంధి చేస్తారు.


డల్లాస్_దొరబాబు
సోమవారం, రాత్రి 11.55

ఊనిక తప్పితే ఏమవుతుందో నా జేబుకు తెలుసు. ఇక్కడ ఒక టైర్ల షాపులో అందరూ మెక్సికో వాళ్లు. మా రూమ్మేటు కారు తీసుకురావడానికి వెళ్లాను. బిల్లు వాడు ముందు రోజే కట్టేశాడు. కౌంటర్‌లో అడిగితే "కట్టాడు" అని చెప్పాలని దర్జాగా "పాగొ" అన్నాను. ఆయన చిరునవ్వుతో కార్డు మెషీను నా ముందు పెట్టాడు. పాగొ అంటే "నేను కడతాను". ప-గో అనాలి. మళ్లీ చెప్పి నవ్వుకుని బయటపడ్డాం అనుకోండి. ఇది తప్పని ఒప్పుకోకుండా "యాస తేడా" అని వాదించిన మొనగాణ్ని నేనే.


బెజవాడ_టు_బ్యూనస్
మంగళవారం, ఉదయం 6.00

అందరూ స్పెయిన్, మెక్సికో అంటున్నారు, మా అర్జెంటీనా సంగతి ఎవరూ ఎత్తరేం? ఇక్కడ "నువ్వు" కి తూ లేదు, బొస్. దాంతో ఊనిక మొత్తం చివరికి జరిగిపోతుంది. మీరు ఆ-బ్లస్ అంటే మేము అ-బ్లాస్. మీరు మీ-ర (చూడు) అంటే మేము మి-రా. మీరు బేన్ (రా) అంటే మేము బె-నీ. రాతలో వీటన్నిటికీ గీత.

ఇందులో గమ్మత్తు ఒకటుంది. క్వేన్-తొ, క్వేన్-తస్, క్వేన్-త, కొన్-తా-మొస్, క్వేన్-తన్. "చెప్పు, లెక్కపెట్టు" క్రియ. "మేము" దగ్గర మాత్రం క్వే పోయి కొ వచ్చేసింది చూశారా? పట్టికలో మారే రూపాల చుట్టూ గీత గీస్తే బూటులా కనిపిస్తుందని, పుస్తకాల్లో దీన్ని "బూటు క్రియ" అని బొమ్మ గీసి బట్టీ పట్టిస్తారు. బొమ్మ అక్కర్లేదు. ఊనిక ధాతువు మీద పడితేనే ఒ కాస్తా వె అవుతుంది, ఎ కాస్తా యె అవుతుంది. లాటిన్‌లో పొట్టి ఒ, పొట్టి ఎ ల మీద ఊనిక పడ్డచోట జరిగిన మార్పు ఇది. ఊనిక ముందుకు జరిగితే పాత అచ్చు అలాగే మిగిలిపోయింది.

దానికి మా బొస్సే సాక్ష్యం. మాకు ఊనిక చివర కాబట్టి "నువ్వు చెప్తావు" అంటే కొన్-తాస్. "నువ్వు చేయగలవు" మీకు ప్వే-దెస్, మాకు పొ-దేస్. "కావాలి నీకు" మీకు క్యే-రెస్, మాకు కె-రేస్. మీరు బట్టీ పట్టిన బూటులోంచి ఒక కాలు బయటికి వచ్చేసింది!


చింతచిగురు
మంగళవారం, ఉదయం 8.30

అయ్యో, ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే రెండు నెలల బట్టీ మిగిలేది నాకు. మరి "నాకు" అనే మె ను క్రియ చివర అతికించి "నాకు చెప్పు" అన్నప్పుడు?


బెజవాడ_టు_బ్యూనస్
మంగళవారం, ఉదయం 8.50

మీకు క్వేన్-త-మె, గీత ఉంటుంది, ఎందుకంటే ఊనిక చివరి నుంచి మూడో ముక్క మీదికి పోయింది. మాకు కొన్-తా-మె, గీత ఉండదు, ఎందుకంటే రెండో ముక్క మీదే ఉంది. అతికించిన తోకలకు సొంత ఊనిక ఉండదు, క్రియ ఊనిక ఉన్నచోటే ఉంటుంది, లెక్క మాత్రం మొత్తం మాటకు మళ్లీ వేసుకోవాలి.


ఇఫ్లూ_పాతకాపు
మంగళవారం, మధ్యాహ్నం 2.15

ఆ లెక్క కిందే ఇంకొంత. "చెప్పు" దీ, "నాకు చెప్పు" దీ-మె, "అది నాకు చెప్పు" దీ-మె-లొ. మొదటి రెండిటికీ గీత లేదు, మూడోదానికి ఉంది. మర్యాదగా అయితే దీ-గ-మె-లొ, ఊనిక చివరి నుంచి నాలుగో ముక్క మీద. స్పానిష్‌లో విడి మాటల్లో అంత వెనక్కి ఊనిక పోదు, ఇలా తోకలు అతికితేనే. "అది నాకు తిరిగిచ్చెయ్" అనే దె-బ్వేల్-బె-మె-లొ ను ఒక్క ఊపిరిలో అనగలిగితే మీకు ఊనిక వచ్చినట్టే.

పాత పుస్తకాలు చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. "ఇవ్వండి నాకు" అనే దే-మె కు 1999 దాకా గీత ఉండేది, ఎందుకంటే విడిగా ఉన్న దే కు ఉంది. ఆ ఏడాది స్పానిష్ అకాడమీ ఆర్తోగ్రఫీలో (రాత నియమాల పుస్తకంలో) తోక అతికాక మామూలు సూత్రమే చాలన్నారు, గీత పోయింది. "ఇచ్చాడు", "చూశాడు", "వెళ్లాడు" అనే ద్యో, బ్యో, ఫ్వే లకు కూడా 1950ల దాకా గీత ఉండేది. ఒంటి ముక్క మాటకు ఊనిక ఎక్కడో చెప్పాల్సిన పనేముందని 1959 నుంచి తీసేశారు. అమ్మమ్మల కాలం ఉత్తరాల్లో ఇంకా కనిపిస్తుంది.


వలెన్సియా_వేపచెట్టు
మంగళవారం, రాత్రి 10.40

2010 గొడవ చెప్పకుండా వదిలేశారే! "అతను నవ్వాడు", "దారి చూపాడు", "నేను పారిపోయాను" లాంటి చిన్న మాటలకు అంతకుముందు గీత పెట్టినా పెట్టకపోయినా చెల్లేది, మీ నోటికి రెండు ముక్కలుగా వినిపిస్తే పెట్టుకోవచ్చు. 2010లో స్పానిష్ భాషా అకాడమీలన్నీ కలిసి, నోటికి ఎలా వినిపించినా రాతలో ఒక్క ముక్కే, గీత వద్దు అన్నాయి. ఇక్కడ చాలామంది "దారి చూపాడు" మాటను "గి-ఓ" అని స్పష్టంగా రెండుగా పలుకుతారు. పలుకులో సంధి జరగదు, రాతలో మాత్రం జరిగినట్టు లెక్క! మా ఆఫీసులో పెద్దాయన ఒకరు ఇప్పటికీ గీత పెట్టే రాస్తారు, అకాడమీ పేరు ఎత్తితే చెయ్యి విసిరేస్తారు. నాకు ఆయన పక్షమే వహించాలనిపిస్తుంది గానీ పరీక్ష రాసేవాళ్లు మాత్రం పెట్టకండి.

"నేను నవ్వుతాను" ర్రీ-ఒ కు గీత అలాగే ఉంది. అక్కడ ఇకారం మొండికేసింది కాబట్టి.


గురులఘువు
బుధవారం, ఉదయం 7.15

భవిష్యత్ కాలం అన్ని పురుషల్లోనూ ధాతువును వదిలి ప్రత్యయాన్నే పట్టుకుంటుంది ఎందుకని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ని. అ-బ్ల-రే, అ-బ్ల-రాస్, అ-బ్ల-రా, అ-బ్ల-రే-మొస్, అ-బ్ల-రాన్. తర్వాత తెలిసింది, ఒకప్పుడు అది రెండు మాటలట. "అబ్లార్" అనే క్రియ, దాని వెనక "నాకు ఉంది" అనే ఎ, అస్, అ, ఎమొస్, అన్. "మాట్లాడాల్సి ఉంది" అనడం అతుక్కుపోయి "మాట్లాడతాను" అయింది. సహాయక క్రియ తన ఊనికను వదులుకోలేదు. మనకూ ఇలా ఒక క్రియ ఇంకోదాన్ని మింగేసిన సందర్భాలు బోలెడు, వచ్చున్నాడు, చేసేశాడు...

ఇంకో సంగతి. "మేము మాట్లాడేవాళ్లం" అ-బ్లా-బ-మొస్. లాటిన్‌లో ఈ రూపానికి ఊనిక బా మీద ఉండేది. మిగతా పురుషల్లో చాలావాటికి బ్లా మీద ఉంది కదా అని అందరినీ ఒక వరసలో నిలబెట్టారు జనం. వ్యాకరణం చెప్పిన పని కాదు, చెవి చేసిన పని.


డల్లాస్_దొరబాబు
బుధవారం, ఉదయం 9.05

మాస్టారూ, మా షాపులో కొందరు "మనం వెళ్దాం" అనే బ-యా-మొస్ ను బా-య-మొస్ అంటారు. తప్పా?


గురులఘువు
బుధవారం, ఉదయం 9.20

పుస్తకం ప్రకారం తప్పు. కానీ నేను ఇప్పుడు చెప్పిన పనే వాళ్లూ చేస్తున్నారు, కొన్ని వందల ఏళ్లు ఆలస్యంగా.


వలెన్సియా_వేపచెట్టు
బుధవారం, రాత్రి 10.00

చింతచిగురు గారూ, చిన్న పరీక్ష. కావాలనే దీర్ఘాలు, గీతలు లేకుండా, అచ్చులు విడివిడిగా ఇస్తున్నా. విడగొట్టి, ఊనిక చూపించి, గీత ఉందో లేదో చెప్పండి.

ఒఇదొ (విన్న), కొన్స్త్రుఇదొ (కట్టిన), రెఉనె (సమావేశపరుస్తాడు), రెఉనిఒ (సమావేశపరిచాడు), దెసిర్మె (నాకు చెప్పడం), దెసిర్మెలొ (అది నాకు చెప్పడం), అక్తుఒ (నటించాడు), అబ్లబన్ (మాట్లాడేవాళ్లు).


చింతచిగురు
గురువారం, రాత్రి 8.50

ఫోను పక్కన పడేసి, కాగితం మీద చేశాను.

ఒ-ఈ-దొ, గీత ఉంది. ఇకారం మొండికేసింది.
కొన్స్-త్రు-ఈ-దొ, గీత ఉంది. అదే కారణం.
రె-ఊ-నె, గీత ఉంది.
రెవ్-న్యో, గీత ఉంది. చివరి అచ్చు మీద ఊనిక.
దె-సీర్-మె, లేదు.
దె-సీర్-మె-లొ, ఉంది.
అక్-త్వో, ఉంది.
అ-బ్లా-బన్, లేదు. ఎన్‌తో ముగిసింది, రెండో ముక్క మీదే ఊనిక.


ఇఫ్లూ_పాతకాపు
గురువారం, రాత్రి 9.10

ఏడు కరెక్టు. రెండోది నేను సోమవారమే చెప్పిన గొయ్యి. ఉ, ఇ రెండూ బలహీనాలు. మీ చెవికి రెండు ముక్కలుగా వినిపిస్తే అది మీ తప్పు కాదు, అలా పలికేవాళ్లు ఉన్నారు. రాతలో మాత్రం కొన్స్-త్ర్వీ-దొ, 3 ముక్కలు, గీత లేదు.


గురులఘువు
గురువారం, రాత్రి 9.15

అను + ఇతం?


చింతచిగురు
గురువారం, రాత్రి 9.16

అన్వితం!!! అయ్యో మాస్టారూ... గీత కొట్టేశాను.